పాత లారీ ఇంజనులు - గంధకము తగ్గిన డీజిలు

మన గ్రామములలో ధాన్యము, మిరప, ప్రత్తి, చెరకు మోయుచున్న లారీలలో పాతవి ఇంకను అనేకము కలవు. ఈ బండ్ల యజమానులు తరచుగా ఒక మాట అనుచుందురు: "ఇప్పటి డీజిలులో పస లేదు. గంధకము తీసివేసినారు. పాత పంపులు అందువలననే పాడైపోవుచున్నవి." ఈ మాటలో కొంత నిజము కలదు, కొంత అపోహ కలదు. నిజమేదో అపోహ ఏదో తెలియకపోవుటచే కొందరు అక్కరలేని ఖర్చు చేయుచున్నారు. మరికొందరు డీజిలులో ఏవేవో నూనెలు కలిపి బాగున్న ఇంజనును పాడు చేసికొనుచున్నారు.

ఒక వరి కోతల కాలమున జరిగిన సంగతి చెప్పెదను. కళ్లములో ధాన్యము బస్తాలకెత్తి ఉన్నది. పడమట మబ్బు పట్టినది. ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు చేర్చవలసిన పాత లారీ డీజిలు పంపు నుండి బొట్లు బొట్లుగా కారుచు, ఉదయము పూట స్టార్టు కాక మొరాయించినది. పంపు మొత్తము మార్చవలెనని ఒక మేస్త్రీ చెప్పినాడు. డీజిలులో కాల్చిన ఇంజను ఆయిలు రెండు లీటర్లు పోయుమని మరియొకరు సలహా ఇచ్చినారు. పట్టణమునుండి వచ్చిన పంపు మేస్త్రీ పరీక్షించి చూడగా, పంపులోని రబ్బరు సీలు ఒకటి గట్టిపడి బీట తీసియున్నది. పైపుల జాయింట్లలోని వాషర్లు అరిగియున్నవి. వానిని మార్చిన పిమ్మట లారీ నడిచినది. వాన పడకముందే ధాన్యము కేంద్రము చేరినది. ఆ రైతు రెండవ సలహా విని ఉన్నచో "కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లు" అయ్యెడిది. కావున ఈ విషయమును కొంచెము వివరముగా తెలిసికొందము.

డీజిలులో గంధకము ఎక్కడిది?

గంధకము మన రైతులకు క్రొత్త వస్తువు కాదు. బూడిద తెగులుకు నీటిలో కరుగు గంధకపు పొడిని చల్లుచుందుము. వేరుశనగకు జిప్సము వేయునప్పుడు సున్నముతోబాటు గంధకమును కూడ అందించుచున్నాము. ఈ గంధకమే భూమినుండి తీసిన ముడి చమురులో సహజముగా ఉండును. దానిని తీసివేయనిచో డీజిలులోనికి వచ్చును.

చమురు శుద్ధి కర్మాగారములలో డీజిలును ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి క్రింద హైడ్రోజను వాయువుతో కలిపి ఒక రకపు ఉత్ప్రేరకముపై పంపుదురు. గంధకము హైడ్రోజనుతో కూడి వాయువుగా వేరగును. ఆ వాయువునుండి మరల పసుపుపచ్చని గంధకమును తీయుదురు. అది ఆమ్లముల తయారీకి, ఎరువుల తయారీకి ఉపయోగపడును. విశాఖపట్నములో 1957లో ప్రారంభమైన కర్మాగారము మొదలుకొని దేశములోని కర్మాగారములన్నియు ఇప్పుడు ఈ విధముగా శుద్ధి చేసిన డీజిలునే ఇచ్చుచున్నవి.

ఎంత తగ్గినది?

డీజిలులో గంధకము ఎంతకు మించరాదో ప్రభుత్వము దశలవారీగా నిర్ణయించినది. పది లక్షల పాళ్ళ డీజిలులో ఎన్ని పాళ్ళ గంధకము ఉండవచ్చునో లెక్కించి ఈ పరిమితిని చెప్పుదురు. నూరు లీటర్ల డీజిలు సుమారు 83 కిలోల బరువు ఉండునని అనుకొన్నచో, నూరు లీటర్ల టాంకులో ఉండదగు గంధకము ఈ క్రింది విధముగా వచ్చును.

2000 సంవత్సరము: 2500 పాళ్ళు. టాంకుకు సుమారు 207 గ్రాములు.
2005 (బి.ఎస్. 2): 500 పాళ్ళు. సుమారు 41 గ్రాములు.
2010 (బి.ఎస్. 3): 350 పాళ్ళు. సుమారు 29 గ్రాములు.
2017 (బి.ఎస్. 4): 50 పాళ్ళు. సుమారు 4 గ్రాములు.
2020 (బి.ఎస్. 6): 10 పాళ్ళు. ఒక గ్రాముకన్న తక్కువ.

ఇవి దేశమంతటను ఆ డీజిలు అమలునకు వచ్చిన సంవత్సరములు. కొన్ని నగరములలో అంతకు ముందే వచ్చినది. ఢిల్లీలో బి.ఎస్. 6 డీజిలు 2018 ఏప్రిలులోనే ఇచ్చినారు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతటను బంకులలో ఇదే దొరకుచున్నది. కావున మీ బండి 1985 నాటిదైనను, 2005 నాటిదైనను పోయవలసినది ఈ డీజిలే. "పాత డీజిలు ఇప్పించెదను" అని ఎవరైన చెప్పినచో అది కల్తీ సరుకని అనుమానింపవలెను.

పాత ఇంజనుకు కలుగు మేలు

గంధకము తగ్గించుట క్రొత్త బండ్ల కొరకే అని కొందరు అనుకొందురు. క్రొత్త బండ్ల సైలెన్సరులలో పొగను శుద్ధి చేయు పరికరములు కలవు. గంధకము ఎక్కువైనచో అవి చెడిపోవును. కాని పాత ఇంజనులకు కూడ దీనివలన మేలు కలదు.

గంధకము మండినపుడు ఏర్పడు వాయువు, నీటి ఆవిరితో కలిసి గంధకామ్లముగా మారును. ఈ ఆమ్లము సిలిండరు గోడలను, పిస్టను రింగులను, బేరింగులను తినివేయును. ఇంజను ఆయిలులో ఈ ఆమ్లమును విరుచుటకు క్షార పదార్థములు కలిపి ఉందురు. ఆమ్ల నేలకు సున్నము వేసి బాగుచేయుట వంటిదే ఈ పని. డీజిలులో గంధకము తగ్గినకొలది ఆమ్లము తగ్గును, ఆయిలుపై భారము తగ్గును, పొగలోని సన్నని మసియు కొంత తగ్గును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఆమ్లము తగ్గినదని ఆయిలు మార్చు గడువును మీ అంతట మీరు పెంచరాదు. ఆయిలులో మసి, దుమ్ము, లోహపు పొడి చేరుచునే ఉండును. బండి పుస్తకములో చెప్పిన గడువుకే ఆయిలును, ఫిల్టరును మార్చవలెను.

మరియొక అలవాటు మానవలసియున్నది. ఇంజను వేడెక్కుచున్నదని థర్మోస్టాటు వాల్వును తీసి పారవేయుదురు. ఇంజను చల్లగా నడచినపుడే ఆవిరి నీరుగా మారి ఆమ్లము గోడలపై నిలుచును. చల్లని ఇంజను డీజిలు ఎక్కువ త్రాగును, పొగ వదలును. వేడెక్కుటకు కారణము రేడియేటరులోనో, ఫ్యాను బెల్టులోనో, నీటి పంపులోనో వెదకవలెను గాని థర్మోస్టాటును తీయరాదు.

జారుడు గుణము సంగతి

ఇప్పుడు అసలు ఫిర్యాదునకు వత్తము. డీజిలు పంపులోని ప్లంజరుకు, అది కదలు గొట్టమునకు మధ్య సందు రెండు నుండి నాలుగు మైక్రాన్లు మాత్రమే ఉండును. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లని తలచిన ఈ సందు ఎంత చిన్నదో తెలియును. అక్కడ వేరే ఆయిలు ఉండదు. డీజిలే ఆ భాగములకు నూనెవలె పనిచేయవలెను. డీజిలుకు గల ఈ శక్తినే జారుడు గుణము అందుము.

ఈ గుణమును ఇచ్చునది గంధకమే అనుట పొరపాటు. డీజిలులో మిక్కిలి కొద్దిపాటిగా ఉండు ప్రాణవాయు, నత్రజని సంబంధమైన కొన్ని పదార్థములు లోహమునకు అంటుకొని సన్నని పొరగా ఏర్పడి రాపిడిని తగ్గించును. గంధకమును తీయు శుద్ధిలో అవియు కొట్టుకొనిపోవును. కలుపు తీయునపుడు కొన్ని పైరు మొక్కలు కూడ ఊడి వచ్చినట్లే ఇదియు.

స్వీడను దేశమున 1991లో గంధకము బాగుగా తగ్గించిన డీజిలును ప్రవేశపెట్టినపుడు కొన్ని పంపులు త్వరగా అరిగిపోయినవి. ఆ అనుభవమునుండి నేర్చుకొని, జారుడు గుణమును పెంచు మందును కర్మాగారము నుండి డీజిలు బయలుదేరకముందే కలుపు పద్ధతి వచ్చినది. పరీక్షయు ఏర్పడినది. డీజిలులో ముంచిన ఒక చిన్న ఉక్కు గుండును ఉక్కు బిళ్ళపై 60 డిగ్రీల వేడిలో 75 నిమిషములు రాపాడించి, గుండుపై పడిన మచ్చను సూక్ష్మదర్శినితో కొలుతురు. మన దేశపు ప్రమాణము ప్రకారము ఆ మచ్చ 460 మైక్రాన్లకు మించరాదు. కావున బంకులో దొరకు కల్తీ లేని డీజిలుకు పాత పంపును కాపాడగల జారుడు గుణము కలదు. దానికి మీరేమియు చేర్చనక్కరలేదు.

పంపులు రెండు రకములు. వరుస పంపులో ప్రతి సిలిండరుకు ఒక ప్లంజరు వరుసగా ఉండును. దాని క్యాము భాగమునకు ఇంజను ఆయిలు అందును. పాత పెద్ద లారీలలో ఎక్కువగా ఇదియే. రోటరీ పంపులో లోపలి భాగములన్నియు డీజిలుతోనే తడియును. కొన్ని ట్రాక్టరులలోను, చిన్న బండ్లలోను ఇది ఉండును. రోటరీ పంపు గలవారు కల్తీ విషయమున, నీటి విషయమున రెట్టింపు జాగ్రత్త పడవలెను.

కారుటకు కారణము రబ్బరు

డీజిలులో సుగంధ వర్గమునకు చెందినవని రసాయన శాస్త్రజ్ఞులు చెప్పు కొన్ని పదార్థములు ఉండును. అవి పాత రకపు నైట్రైలు రబ్బరును కొంచెము ఉబ్బించును. పూర్వపు డీజిలులో ఏండ్ల తరబడి నానిన సీలు ఆ ఉబ్బుతోనే సందును మూసియుండును. శుద్ధి ఎక్కువైన డీజిలులో ఈ పదార్థములు కొంత తగ్గును. సీలు ఉబ్బు తగ్గి కుంచించుకొనును. రబ్బరు మెత్తగా ఉన్నచో సర్దుకొనును. ఏండ్ల వేడికి గట్టిపడినదైనచో సర్దుకొనలేక కారును. అమెరికాలో 1993 అక్టోబరులో లారీల డీజిలు గంధకమును 500 పాళ్ళకు తగ్గించినపుడు ఇదే విధముగా అనేక పాత బండ్ల పంపులు కారినవి.

ఇది పంపు అరుగుదల కాదు, సీలు ముసలితనము. క్రొత్త సీళ్ళు వేసినచో తీరును. వేయునపుడు ఫ్లోరో రబ్బరు రకము, అనగా బజారులో "వైటాన్" అను పేర అడుగునవి, మీ పంపునకు దొరకునేమో విచారింపుడు. ధర కొంచెము ఎక్కువైనను డీజిలు మార్పులకు తట్టుకొనును.

కారుటను చిన్నచూపు చూడరాదు. సెకనుకు ఒక్క బొట్టు కారినను దినమునకు సుమారు రెండు లీటర్లు పోవును. వేడి సైలెన్సరుపై పడినచో నిప్పు అంటుకొను ప్రమాదము కలదు. గడ్డి, ప్రత్తి మోయు బండ్లకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ.

ఏ చోట కారుచున్నదో కనుగొను విధము

1. ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, పంపును, ఫిల్టరును, పైపులను గుడ్డతో పొడిగా తుడువవలెను.
2. ఇంజనును నడిపించి, కొంత దూరమునుండి టార్చి లైటుతో చూడవలెను. ఏ జాయింటు మొదట తడియునో గుర్తుంచుకొనవలెను.
3. నాజిళ్ళకు పోవు ఉక్కు పైపుల వద్ద ఇంజను నడచుచుండగా ఎన్నడును చేయి పెట్టరాదు. అక్కడి ఒత్తిడికి డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోవును. చూచుటకు చిన్న గాయమైనను వెంటనే ఆసుపత్రికి పోవలసిన ప్రమాదమది.
4. బయట ఎక్కడను కారకున్నను ఉదయము బండి స్టార్టు కానిచో, టాంకునుండి పంపు వరకు గల పైపులలో గాలి చొరబడుచున్నదని అనుమానింపవలెను. ఆ వైపు సందులనుండి డీజిలు బయటికి వచ్చుటకన్న గాలి లోపలికి పోవుట ఎక్కువ. పాత వాషర్లను, పగిలిన రబ్బరు పైపులను మార్చి, చేతి పంపు కొట్టుచు ఫిల్టరుపై మరను సడలించి, బుడగలు ఆగువరకు గాలి తీసి, మర బిగింపవలెను.
5. ప్రతి ఉదయము ఇంజను ఆయిలు పుల్లను తీసి చూడవలెను. ఆయిలు మట్టము పెరిగి డీజిలు వాసన వచ్చినచో, డీజిలు లోలోపలనే కారి ఆయిలులో కలియుచున్నదని అర్థము. అట్టి బండిని నడుపరాదు. పలుచబడిన ఆయిలుతో బేరింగులు పట్టుకొనిపోవును.

కలుపరానివి

కాల్చిన ఇంజను ఆయిలు: ఇందులో మసి, లోహపు పొడి ఉండును. రెండు మైక్రాన్ల సందులోనికి దీనిని పంపుట, కంటిలో ఇసుక పోసికొనుట వంటిది. ఫిల్టరు మూసుకొనును, నాజిళ్ళు పట్టుకొనును.

కిరోసిను: ఇది డీజిలుకన్న పలుచన. జారుడు గుణము తక్కువ. పంపు అరుగుటకు ఇంతకన్న దగ్గరి దారి లేదు. "క్రొత్త డీజిలు పంపును తినివేసినది" అను ఫిర్యాదులను విచారించునపుడు కిరోసిను సంగతియు తప్పక విచారింపవలెను. డీజిలు కల్తీ చట్టరీత్యా నేరము కూడ.

పెట్రోలు: నిప్పు ప్రమాదము కలది. ఎంత కొంచెమైనను పోయరాదు.

కానుగ, ఆముదము, ప్రత్తిగింజల నూనెలు: మన చేలలో పండునవి గదా అని పచ్చి నూనెను టాంకులో పోయరాదు. ఇవి చిక్కనివి. పూర్తిగా మండక నాజిళ్ళపైన, రింగులపైన బంకగా పేరుకొనును. ఈ నూనెలను రసాయన ప్రక్రియచే బయో డీజిలుగా మార్చిన పిమ్మట ప్రమాణము ప్రకారము కలిపినచో, నూటికి ఒకటి రెండు పాళ్ళైనను జారుడు గుణమును బాగుగా పెంచును. ఆ పని కర్మాగారములలో జరుగవలసినదే గాని ఇంటివద్ద చేయదగినది కాదు.

యూరియా ద్రావణము: క్రొత్త లారీలలో అనేకమునకు డీజిలు టాంకు ప్రక్కన వేరొక టాంకు ఉండును. అందులో 32.5 శాతము శుద్ధ యూరియా గల ద్రావణమును పోయుదురు. అది పొగను శుద్ధి చేయుటకు. పాత లారీకి దానితో పని లేదు. పొరపాటున డీజిలు టాంకులో పోసినచో పంపు, నాజిళ్ళు చెడును. క్రొత్త లారీ గలవారు కూడ పొలమునకు వేయు యూరియాను నీటిలో కలిపి ఆ టాంకులో పోయరాదు. అది వేప పూత పూసినది, ఇతర మలినములు కలది. ఖరీదైన పరికరము చెడును, పైరుకు చేరవలసిన ఎరువు వృథా యగును.

చేయదగిన పనులు

నమ్మకమైన బంకులో డీజిలు పోయించుకొనుడు. అనుమానము కలిగినచో సాంద్రత కొలిచి చూపుమని, అయిదు లీటర్ల కొలతతో సరిచూపుమని అడుగు హక్కు మీకు కలదు. అడుగుటకు మొగమాటపడరాదు.

వారమునకు ఒకసారి ఫిల్టరు క్రింది మరను సడలించి అడుగున చేరిన నీటిని వదలవలెను. వానకాలమున ప్రతిదినము చూచుట మేలు. పని ముగిసిన సాయంకాలము టాంకు నింపి ఉంచినచో ఖాళీలోని తేమ రాత్రి చలికి నీరుగా మారి డీజిలులో చేరుట తగ్గును. నీరున్నచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడి ఫిల్టరును మూయును.

ఫిల్టరు ఎలిమెంటును గడువుకు మార్చవలెను. కడిగి మరల వేయుట ఆదా కాదు. డ్రమ్ములో డీజిలు నిలువచేయువారు దానిని నీడన, నిప్పుకు దూరముగా ఉంచి, మూత బిగించి, అడుగు డీజిలును టాంకులో పోయక మానవలెను.

పంట కోతలకు నెల ముందే పంపు సీళ్ళను, వాషర్లను, రబ్బరు పైపులను చూపించుకొనుడు. కోతల నడుమ బండి ఆగినచో నష్టము సీలు ఖరీదుతో పోదు. కళ్లములోని ధాన్యము తడియును. పంపు విప్పినచో బల్లపై పరీక్షించి డీజిలు కొలత సరిచేయు యంత్రము గల షాపులోనే విప్పించవలెను. శుద్ధి ఎక్కువైన డీజిలులో లీటరుకు వేడి శక్తి సుమారు నూటికి ఒక పాలు తగ్గవచ్చును. ఆ కొంచెము కొరకు పంపు మరను త్రిప్పి డీజిలు ఎక్కువ పోవునట్లు చేయించుట తగదు. నల్లపొగ వచ్చును, ఇంజను వేడెక్కును, ఖర్చు పెరుగును.

గ్రామోద్యోగులకు ఒక మాట

గ్రామములో పాత లారీలు, ట్రాక్టరులు గలవారిని కోతలకు ముందు ఒకచోట చేర్చి, దగ్గరి పట్టణమునుండి అనుభవజ్ఞుడైన పంపు మేస్త్రీని పిలిపించి, ఒక పూట బండ్లను పరీక్షింపజేసినచో ఊరికి మేలు చేసినవారగుదురు. ఎవరి బండిలో కారుట కలదో, ఎవరి ఫిల్టరులో నీరు చేరినదో అందరి ఎదుట చూపినచో, పది ఉపన్యాసములకన్న అది ఎక్కువ పనిచేయును.

రైతు సోదరులారా! గంధకము తగ్గిన డీజిలు పాత ఇంజనుకు శత్రువు కాదు. పాత రబ్బరు, నీరు, కల్తీ, ఇవియే శత్రువులు. మీ లారీ ఈ వారము ఎక్కడ నిలిచియుండునో, రేపు ఉదయము స్టార్టు చేయకముందు ఆ చోట నేలను ఒకసారి చూడుడు. డీజిలు మచ్చ కనుపించినచో కోతల వరకు ఆగక, ఈ వారమే సీలు మార్పించుకొనుడు.